గమ్మునున్న గినీ పందులు

“గమ్మునుండు” అన్న మాట మా చిత్తూరు జిల్లా ఆడపిల్లలకి ఉగ్గుపాలతోనే పడుతుంది. కోస్తా వాళ్ళు “ఊరుకో” అనే చోట మేం వాడే మాట అది. అరవదేశం పొరుగున ఉండబట్టి దానికి కాస్త అరవ వాసన కూడా ఉంది. చుట్టాలొస్తే గమ్మునుండు. అన్న కొడితే గమ్మునుండు. పెళ్ళిచూపుల్లో “మా పిల్ల గమ్మునుంటుందండీ” అంటే అది మెచ్చుకోలు. ఇన్నేళ్ళొచ్చాక ఒక డాక్టరు నోట కూడా అదే మెచ్చుకోలు వింటానని నేననుకోలేదు.

ఆరేళ్ళ క్రితం మాట. మూడు రాత్రులు కన్ను మూయకుండా నూట నలభై పేజీలు రాశాను. నాలుగు రోజుల్లో పదకొండు చీరలు కొని, అందులో తొమ్మిది తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ పంచిపెట్టాను. రాత్రి రెండింటికి ఒక పబ్లిషరుగారిని నిద్రలేపి, నా నవలకి పెద్ద బహుమానం రాబోతోందని చెప్పాను. నెల తిరిగేసరికి తల దువ్వుకోవడానికి కూడా లేవలేని స్థితిలో పడ్డాను. దానికి బైపోలార్ డిజార్డర్ అని పేరు పెట్టారు. పాతకాలపు డాక్టర్లు మానిక్ డిప్రెషన్ అనేవారు. తెలుగులో ‘ద్విధ్రువ రుగ్మత’ట. వినగానే, విగ్రహవాక్యం రాయమంటారేమోనని భయం వేసింది!

లిథియం మాత్రలు ఇచ్చారు. ఇల్లు నిమ్మళించింది. మావారు రాత్రిళ్ళు నిద్రపోగలుగుతున్నారు. అత్తమ్మ గోవిందుడికి ముడుపు కట్టింది. మరి నేను?

ఏడింటికి కాఫీ కలుపుకుని కూర్చుంటే పదింటికి దాని మీద కట్టిన మీగడ వంక చూస్తూ ఉండేదాన్ని. విచారం కాదు, ఏడుపూ రాదు. కావాలనిపించదు, అంతే. మూర మల్లెపూలు కొని ఫ్రిజ్‌లో పెడితే వారానికి నల్లబడి బయటికొచ్చేవి. జాకెట్టుకి ఊడిన హుక్కు కుట్టుకోవడం ఓ యజ్ఞం. సంపాదకుల ఉత్తరాలకి జవాబు లేదు. వారపత్రికకి సీరియల్ రాస్తూ, పోపు వేస్తూ, పిల్లకి లెక్కలు చెప్పినదాన్ని! “మనసు గట్టి చేసుకోవాల మే” అన్నారు ఇరుగుపొరుగు. “కొంచెం సోమరితనం అలవాటైంది” అన్నారు ఇంట్లో, నేను వినలేదనుకుని. డాక్టరుకి చెప్పుకుంటే ఆయన నవ్వి, “గమ్మునున్నారు కదమ్మా, ఇంకేం కావాలి?” అన్నాడు. ఆయన పేరెందుకులెండి.

నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. సైన్సు నాకు ఆమడ దూరం. ఏదైనా అర్థం కాకపోతే దాని పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కోవడం ఒక్కటే నాకు తెలిసిన విద్య. రోజుకి ఒక పేజీ, కొన్ని రోజులు అరపేజీ చొప్పున ఈ మందు కథ చదివాను. అర్ధాయుష్షు పాఠకురాలిని కాబట్టి చాలా నెలలు పట్టింది.

ఈ లిథియం మందుల కంపెనీలో పుట్టింది కాదు. 1817లో స్టాక్‌హోంలో ఆర్ఫ్వెడ్‌సన్ అనే యువకుడు, బెర్జీలియస్ అనే మహా రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక రాయిని పరీక్షిస్తూ అందులో కనిపెట్టాడు. గ్రీకులో ‘లిథోస్’ అంటే రాయి. రాతినుంచి వచ్చింది కాబట్టి లిథియం. పంతొమ్మిదో శతాబ్దంలో కీళ్ళవాతానికి వాడారు. 1886లో కార్ల్ లాంగే అనే డెన్మార్క్ డాక్టరు, వచ్చిపోతుండే దిగులుకి ఇది మందని రాస్తే ఎవరూ చెవిన పెట్టలేదు. అమెరికాలో 1929లో పుట్టిన సెవెనప్ కూల్‌డ్రింకులో కూడా 1940ల చివరిదాకా కాస్త లిథియం ఉప్పు కలిపేవారంటే నమ్ముతారా! మా అమ్మాయికి చెబితే, “అయితే నువ్వు మింగేది కూల్‌డ్రింకు మాత్రన్నమాట” అంది.

అసలు కథ ఆస్ట్రేలియాలో మొదలవుతుంది. జాన్ కేడ్ అనే డాక్టరు రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్ళకి చిక్కి సింగపూరులోని చాంగీ బందీఖానాలో మూడేళ్ళ పైచిలుకు గడిపాడు. తిరిగొచ్చాక మెల్‌బోర్న్ దగ్గర బందూరాలో మానసిక రోగుల ఆసుపత్రిలో పని. పిచ్చి ఉద్రేకం ఒంట్లో పుట్టే ఏదో విషం వల్లే వస్తుందని ఆయన అనుమానం. వాడకంలో లేని వంటగదిలాంటి చోట ప్రయోగాలు. రోగుల మూత్రం సీసాలు ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టేవాడని వాళ్ళింట్లో వాళ్ళు తరవాత చెప్పుకునేవారు. (ఆ ఇల్లాలికి నా నమస్కారం. నేనైతే సీసాలతో సహా మనిషిని కూడా బయట పెట్టేదాన్ని.) ఆ మూత్రంలోని యూరిక్ ఆమ్లం నీళ్ళలో కరగడానికి లిథియం కలిపి గినీ పందులకి సూది వేశాడు. అవి ఉరుకులు పరుగులు మానేశాయి. వెల్లకిలా పడుకోబెడితే అలాగే పడుకుని, మెలకువగానే ఉండి, ఆయన వంక చూస్తూ ఉండిపోయాయి.

ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను. మీగడ కట్టిన కాఫీ ముందు కూర్చున్న మనిషిని నాకు బాగా తెలుసు కదా!

నన్ను బతికించిన మందు లోకానికి తెలిసిందే ఆ మందకొడితనం వల్ల. తరవాతి శాస్త్రవేత్తలు ఇంకో మాట కూడా చేర్చారు. ఆ గినీ పందులకి ఉద్రేకమేమీ తగ్గలేదు, బహుశా మోతాదు మించి ఒళ్ళు విషపూరితమై అలా పడి ఉంటాయని. ఏమైతేనేం, కేడ్ ముందు తాను మింగి చూసుకుని, 1948 మార్చి 29న యాభై ఒక్కేళ్ళ రోగికి ఇచ్చాడు. ఐదేళ్ళుగా ఒక్క క్షణం నిలకడ లేని మనిషి వారాల్లో నెమ్మదించి, జూలైలో ఇంటికెళ్ళి, పాత ఉద్యోగంలో చేరాడు. 1949 సెప్టెంబరులో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో పదిమంది ఉద్రేక రోగుల కథ అచ్చయింది. మందుల చరిత్రలో అదొక మైలురాయి అంటారు.

మైలురాయి వెనక ఏముందో చాలామంది చెప్పరు. ఆ మొదటి మనిషి ఇంటికెళ్ళాక మాత్రలు మానేశాడు. 1949 జనవరిలో మళ్ళీ ఆసుపత్రికి వచ్చాడు. మళ్ళీ లిథియం ఇచ్చారు. రక్తంలో ఎంత చేరుతోందో చూసే అలవాటు అప్పటికి లేదు. 1950లో ఆ లిథియం విషమే ఎక్కి చనిపోయాడు.

ఎందుకు మానేశాడో నేను ఊహించగలను. నేనూ మానేశాను కనక. మూడేళ్ళ క్రితం, సగంలో ఆగిన నవల పూర్తి చెయ్యాలని, ఎవరికీ చెప్పకుండా మాత్రలు బీరువాలో చీరల కింద దాచాను. మొదటి వారాలు ఏం వెలుగు! ఏం వాక్యాలు! తొంభై పేజీలు రాశాను. ఆ వెలుగు చివర ఇరవైమూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అది మా అమ్మాయి పదో తరగతి పరీక్షల సంవత్సరం. నేను అర్ధరాత్రి బయటికి పోకుండా స్కూటరు తాళాలు తన లెక్కల పుస్తకాల సంచీలో దాచుకుని నిద్రపోయేదిట. ఆ తొంభై పేజీల్లో పనికొచ్చినవి ఆరు.

ఇక 1949 సంగతి. అదే ఏడు అమెరికాలో ఉప్పు మానాల్సిన గుండె జబ్బు వాళ్ళు మామూలు ఉప్పుకి బదులు లిథియం ఉప్పు చల్లుకుని తిన్నారు. కొందరు చనిపోయారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. లిథియం అంటే విషమన్న పేరు స్థిరపడింది. అక్కడ దాన్ని మందుగా ఒప్పుకునేసరికి 1970 వచ్చింది.

సరిగ్గా ఆ 1949లోనే మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో పడుకుని ఉంది. ఇరవైయొక్కేళ్ళ మనిషి, చంకలో మా నాయన, ఛాతీలో క్షయ. అప్పట్లో మదనపల్లె మా జిల్లాయే. 1915లో మిషనరీలు తెరిచిన ఆ ఆసుపత్రిని మొదట్నుంచీ నడిపించింది క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అనే డెన్మార్క్ డాక్టరు. మాత్రలింకా రాని రోజులు. అప్పటి శానిటోరియాల్లో వైద్యమంటే గాలి, తిండి, విశ్రాంతి. విశ్రాంతి అంటే మన ఆదివారం మధ్యాహ్నం కాదు, కదలకుండా పడుకోవడమే.

అవ్వ పద్నాలుగు నెలలుంది. ఆ కథ నా చిన్నప్పుడు రాగిసంగటి ముద్దలు చేస్తూ చెప్పేది. “గంట కొడితే లెయ్యాల, గంట కొడితే పండుకోవాల. ముందు వసారా చివరిదాకానే నడిపించినారు. మళ్ళా వారం వేపచెట్టు దాకా. మళ్ళా గేటు దాకా. గేటు దాకా పొయ్యిన దినం ఏడిసినాను పాపా.” “ఎందుకవ్వా, నొప్పొచ్చిందా?” “నొప్పి కాదే. అంతదూరం పోవాలని ఆశ పుట్టిండె. ఆశ పుట్టక ఏడాదయిండె.”

ఇది అవ్వ చాదస్తమనుకునేదాన్ని. చదివాక తెలిసింది, అది ఒక పద్ధతి అని. 1905 ప్రాంతంలో ఇంగ్లండులో ఫ్రిమ్లీ అనే చోట మార్కస్ పాటర్సన్ అనే డాక్టరు క్షయరోగుల్ని మంచాల నుంచి దించి, మొదట కొద్ది నడక, తరవాత చిన్న బుట్ట మోయడం, ఆ తరవాత పెద్ద బుట్ట, చివరికి పారపని అని మెట్లు మెట్లుగా పెంచాడు. ఆ మెట్ల నడక ఎన్నో శానిటోరియాలకి పాకింది. జ్వరం తగ్గినంత మాత్రాన మనిషి లేచినట్టు కాదని వాళ్ళకి తెలుసు. మంచమే అలవాటైపోయిన మనిషిని మళ్ళీ బతుకులోకి నడిపించడం ఇంకో వైద్యం.

క్షయకీ మనసుకీ చుట్టరికం ఇంకోటి ఉంది. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకి ఇప్రోనయాజిడ్ అనే కొత్త మాత్రలిస్తే వాళ్ళకి ఆకలి, హుషారు పుట్టి వార్డులో డాన్సు చేశారు. ఆ ఫోటో పత్రికల్లో పడింది. 1957 నాటికి నాథన్ క్లైన్ అనే మానసిక వైద్యుడు దాన్నే దిగులుకి మందుగా వాడాడు. దిగులు మందుల్లో మొదటి తరం అలా పుట్టింది.

మన దేశం సంగతేమిటంటారా? మన సర్పగంధి ఉంది కదా. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే కలకత్తా వైద్యులు అది పిచ్చి ఉద్రేకాన్నీ రక్తపోటునీ దించుతుందని ప్రకటించారు. 1949లోనే, చూశారా మళ్ళీ అదే ఏడు, బొంబాయి డాక్టరు రుస్తుం వకీల్ రక్తపోటు మీద దాని గుణం గురించి ఇంగ్లండు పత్రికలో రాస్తే లోకమంతా ఎగబడింది. కొన్నేళ్ళకి, ఆ మందు వాడుతున్న కొందరు రక్తపోటు రోగులు ఏ కోరికా లేకుండా కుంగిపోతున్నారని డాక్టర్లు గమనించారు. ఆ లెక్కని తరవాతి పరిశోధకులు తిరగదోడారనుకోండి. కానీ, రోగి గమ్మునుంటే సరిపోదన్న అనుమానం మాత్రం అప్పుడే మొలకెత్తింది.

సరే, లిథియంని నిషేధం నీడలోంచి బయటికి తెచ్చింది మోగెన్స్ షౌ. ఈయనా డెన్మార్క్ వాడే. మా అవ్వకీ డెన్మార్క్ డాక్టర్ల ఆసుపత్రే, నాకూ డెన్మార్క్ డాక్టరు మందే, మా ఇంటికి ఆ దేశంతో ఏ జన్మ రుణమో! 1954లో ఆయన పద్ధతి ప్రకారం పరీక్ష చేసి కేడ్ మాట నిజమేనని చూపించాడు. రక్తంలో ఎంత లిథియం ఉందో కొలవడమూ ఆ రోజుల్లోనే కుదిరింది. అప్పటినుంచి విషానికీ మందుకీ మధ్య గీత గీయడం సాధ్యమైంది. షౌ సొంత తమ్ముడికే ఏటా వచ్చిపడే దిగులు జబ్బు. లిథియం మొదలుపెట్టాక అతను నిలదొక్కుకున్నాడు. ఆ ఇంటి సంగతి తెలిశాక నాకు ఆయన మీద నమ్మకం కలిగింది. రోగితో కలిసి అన్నం తినేవాడికి గమ్మునుండటానికీ బాగుండటానికీ తేడా తెలియకుండా పోదు.

అందుకే కాబోలు, 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో విద్యాసాగర్ అనే డాక్టరు ఆవరణలో డేరాలు వేయించి రోగుల ఇంటివాళ్ళని కూడా అక్కడే ఉంచాడు. మా చిత్తూరు పొరుగున, ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన రాయవేలూరు క్రిస్టియన్ ఆసుపత్రిలో 1957లో వెలసిన మానసిక వైద్య విభాగం కూడా రోగితో పాటు ఒక చుట్టాన్ని ఉండనిచ్చింది. తాళాలూ గోడలూ రాజ్యమేలే కాలంలో అది చిన్న సంగతి కాదు.

నేను వెతుకుతున్న ప్రశ్న 1971కి వైద్య పత్రికల్లోకి ఎక్కింది. న్యూయార్క్ డాక్టర్లు ఇద్దరు, రోగులు లిథియం ఎందుకు వద్దంటారో రాశారు. కళాకారులు, రచయితలు ‘మా పని ఎండిపోతోంది’ అంటున్నారని అందులో ఉంది. షౌ దాన్ని కొట్టిపారేయలేదు. మందు వాడుతున్న 24 మంది కళాకారుల్ని, రచయితల్ని అడిగి 1979లో జవాబులు అచ్చువేశాడు. పన్నెండు మంది, మందు వల్ల తమ పని పెరిగిందన్నారు. ఆరుగురు తేడా లేదన్నారు. ఆరుగురు తగ్గిందన్నారు.

నాలుగింట ఒకరు! ఆ ఆరుగురి పక్కన ఏడో మనిషిగా కూర్చున్నాను నేను. పెరిగిందన్న పన్నెండు మంది మీద అసూయ కూడా పడ్డాను, దాచడమెందుకు. కే జామిసన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తకి ఈ జబ్బు ఉంది. 1995లో ఆత్మకథలో ధైర్యంగా రాసింది. ఎక్కువ మోతాదు లిథియంతో పదేళ్ళకి పైగా ఆమె ఒక గంభీరమైన పుస్తకం మొదట్నుంచి చివరిదాకా చదవలేకపోయింది. మోతాదు తగ్గించాక చదువు తిరిగొచ్చింది. అంటే తప్పు మనిషిది కాకపోవచ్చు.

అయితే తప్పంతా మాత్రదీ కాదు. 2002లో అమెరికాలో 146 మంది రోగుల్ని దాదాపు పదమూడేళ్ళు వారం వారం గమనించిన పరిశోధన ఒకటి వచ్చింది. మూడింట ఒకవంతు వారాల్లో వాళ్ళు ఎంతో కొంత దిగులు లక్షణాలతోనే గడిపారు. ఉద్రేకంతో గడిపిన వారాలు చాలా తక్కువ. ఈ మందకొడితనంలో మందు వాటా ఎంత, మిగిలిపోయిన జబ్బు వాటా ఎంత, పైన ఎగిరిన రోజుల వేగంతో పోల్చుకుని మామూలు నడకని కూడా కుంటితనం అనుకునే నా వాటా ఎంత? ఇది రోగి ఒక్కతే కూర్చుని తేల్చుకోగల లెక్క కాదు.

ఈ లెక్క మొత్తం ఒక కాగితం మీద రాసుకుని ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. “బాగలేదు” అని చెప్పలేదు. “హుక్కు కుట్టుకోలేను, రెండు పేజీలు చదవలేను, కాఫీ చల్లారిపోతుంది” అని చదివాను. ఆమె నవ్వలేదు. రక్తంలో లిథియం, థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు రాసింది. లిథియం కొందరిలో థైరాయిడ్‌ని మందగింపజేస్తుంది, అది తగ్గితే మనిషి బరువెక్కి, ముడుచుకుపోయి, అచ్చం దిగులుగా కనిపిస్తుంది. నాకు తగ్గి ఉంది! “సోమరితనం”లో ఒక పాలు ఆ లెక్కన తేలిపోయింది. దానికో చిన్న మాత్ర వచ్చింది. లిథియం మోతాదు ఆమే, పరీక్షలు చూసుకుంటూ, కాస్త సర్దింది.

అన్నట్టు, ఆడవాళ్ళకి ఒక మాట చెప్పాలి. నేను కార్తీకమాసంలో పచ్చి గంగ ముట్టకుండా ఉపవాసం చేస్తే సాయంత్రానికి చేతులు వణికి దీపం వెలిగించలేకపోయాను. అత్తమ్మ దేవుడి మహిమ అనుకుంది. డాక్టరమ్మ మాత్రం నన్ను కోప్పడింది. నీళ్ళూ ఉప్పూ ఒక్కసారిగా తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుందిట. తిరుపతి మే నెల ఎండలూ, వాంతులూ విరేచనాలూ, ఎడాపెడా మింగే కొన్ని నొప్పి మాత్రలూ కూడా అంతే. ఆ రోజు నుంచి నా ఏకాదశులన్నీ మజ్జిగతో గడుస్తున్నాయి.

మిగిలిన మబ్బుకి మాత్ర లేదు. అప్పుడు అవ్వ గంట గుర్తొచ్చింది. 1970ల్లో అమెరికాలో లూయిన్‌సన్ అనే ఆయన, ఆశ పుట్టాక పని కాదు, చిన్న పని చేస్తే దాని వెనక ఆశ నడిచి వస్తుందని దిగులు వైద్యానికి ఒక దారి వేశాడు. మా అవ్వకి వేపచెట్టు దాకా నడిచినప్పుడే ఆ సంగతి తెలుసు. వంటింటి టైమర్‌లో పావుగంట పెట్టుకుని కాగితం ముందు కూర్చోవడం మొదలుపెట్టాను. రాస్తే రాశాను, లేకపోతే పావుగంట కూర్చున్నాను. గంట మోగితే వాక్యం మధ్యలోనైనా లేచిపోవాలి. అది మాత్రం ఖచ్చితం, ఎందుకంటే ఆగలేకపోవడం కూడా నా జబ్బే. రెండు నెలలకి ఇరవై నిమిషాలయింది. మధ్యలో మూడు వారాలు సున్నా. మళ్ళీ పావుగంట.

సాయంత్రాలు అలిపిరి మెట్లు. మొత్తం 3,550 మెట్లున్నాయి, నాకు అన్నీ అక్కర్లేదు. మొదటి వారం యాభై ఎక్కి దిగిపోయాను. గోవిందనామాలు చెప్పుకుంటూ ఎక్కే యాత్రికులు, “అమ్మా, పైకి పోవాల, ఇదేంది కిందికి పోతాండావు?” అనేవారు. నా మొక్కు యాభై మెట్లకేనని చెప్పేదాన్ని. ఇప్పుడు మూడువందలకి వచ్చాను. గాలి గోపురం ఇంకా చాలా దూరంలో ఉంది.

ఈ వ్యాసం పంతొమ్మిది రోజులు పట్టింది. పాత రోజుల్లో ఒక్క రాత్రి పని. నిన్న మా అమ్మాయి చిత్తుప్రతి చదువుతూ గినీ పందుల దగ్గర ఆగింది.

“అమ్మా, తరవాత వాటికేమైంది? చచ్చిపోయాయా?”

“లేదు” అన్నాను. కేడ్ ఆ సంగతి కూడా రాసిపెట్టాడు. గంటో రెండు గంటలో అలా పడి ఉండి, తరవాత లేచాయి. లేచి, ఎప్పటిలాగే బెదురుతూ పరుగులు పెట్టాయి.

“బెదరడం కూడా తిరిగొచ్చిందా?”

“వచ్చింది.”

“అయితే అది కూడా రాయి” అని కాగితం నా చేతిలో పెట్టి, టైమర్‌లో పావుగంట తిప్పి, తను కాఫీ కలపడానికి వెళ్ళింది.